అటక మీది రికార్డ్ ఛేంజర్‌ని మళ్ళీ పాడించడం ఎలా (ముందు ప్లగ్గు మాత్రం పెట్టకండి)

నెలకి ఇద్దరు ముగ్గురన్నా ఇదే అడుగుతున్నారు. "తాతగారి రేడియోగ్రామ్ అటక మీద దొరికిందండీ, ప్లగ్గు పెట్టాను, బుర్రుమంది, పళ్ళెం తిరగట్లేదు, ఇప్పుడేం చెయ్యాలి" అని. అందరికీ విడివిడిగా చెప్పలేక ఒకేచోట రాసేస్తున్నా. రేడియోగ్రామ్ అంటే రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండేది, ఛేంజర్ అంటే ఒక రికార్డు అవగానే ఇంకోటి దానంతటదే వేసుకునే ప్లేయరు. రికార్డుల్నే మేం ప్లేట్లంటాం, అవి పెట్టి తిప్పేది పళ్ళెం. మా మావయ్యకి గుంటూరు కొత్తపేటలో మైకు సెట్టు ఉండేది, పెళ్ళిళ్ళకీ శ్రీరామనవమి పందిళ్ళకీ ఛేంజర్ పెట్టి పాటలేసేవాడు, ఆయన పక్కన ప్లేట్లు అందిస్తూ నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఆదివారాలు ఇదే నాకు కాలక్షేపం, మా ఆవిడకి తలనొప్పి.

ఒక్క మాట ముందే చెప్తా. నా చేతికొచ్చినవాటిలో చాలావరకు చచ్చిపోయినవి కాదు, గ్రీజు గడ్డకట్టి బిగుసుకుపోయినవి అంతే. వాటిని నిజంగా చంపేది మనం ఆత్రంగా పెట్టే మొదటి ప్లగ్గు. అందుకని వరస ఇదీ: ముందు గ్రీజు, తర్వాత రబ్బరు, తర్వాత పిన్ను (ప్లేటు మీద ఆనే సూది), అన్నిటికన్నా ఆఖర్న కరెంటు.

ఇక్కడ చెప్పేది వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్లిఫయర్ ఉండి, పళ్ళేన్ని లోపల రబ్బరు చక్రం తిప్పే రకం గురించి. గరార్డ్, బీఎస్ఆర్ కంపెనీల ఛేంజర్లు పెట్టిన రేడియోగ్రామ్‌లు, విడి ప్లేయర్లు దాదాపు అన్నీ ఇదే పద్ధతి.

కావలసినవి

- స్క్రూడ్రైవర్లు, సన్నమూతి ప్లయర్, మల్టీమీటర్.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దొరక్కపోతే మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్, కానీ కొన్నిట్లో నూనె కలిసి ఉంటది, అద్దం మీద ఒక చుక్క వేసి ఆరాక జిడ్డు మిగిలితే దాన్ని రబ్బరుకి వాడొద్దు.
- పాత టూత్ బ్రష్షు, ఇయర్ బడ్స్, నూలు గుడ్డ, 400 నంబర్ ఉప్పుకాగితం.
- కుట్టుమిషను నూనె, తెల్ల లిథియం గ్రీజు చిన్న ట్యూబు.
- సీరీస్ బోర్డు. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండేదే, ఒక హోల్డరు, ఒక సాకెట్టు, ఫేజులో వరసగా కలిపి. బల్బు మాత్రం పాతకాలం ఫిలమెంటుది 100 వాట్లది కావాలి, ఎల్‌ఈడీ పెడితే ఈ పనికి అక్కరకి రాదు.
- ఒక ఇడ్లీ రేకు. నవ్వకండి, ఒక్కో గుంటలో ఒక్కో దశలో విప్పిన స్క్రూలు వేసుకుంటే బిగించేటప్పుడు వెతుక్కోవక్కర్లేదు.

కొనకూడనివి కూడా చెప్పాలి. తుప్పు వదిలించే స్ప్రేలు, కొబ్బరినూనె. స్ప్రే కొడితే అది రబ్బరు చక్రం మీద కూడా పడి జారుడు మొదలవుద్ది, కొబ్బరినూనె రెండు నెలలు బ్రహ్మాండంగా ఉండి తర్వాత బంకైపోద్ది. అదే బంక గీకలేక మావయ్య నన్ను తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి, పోసింది నేనే కాబట్టి.

1. ప్లగ్గు పెట్టకుండా చూడాల్సినవి

వెనకాల అట్ట విప్పండి. టార్చ్ వేసి చూడండి. ఎలుక గూడు, బొద్దింకలు, చెద, కొరికేసిన వైర్లు అన్నీ ఇక్కడే కనపడతాయి. ముట్టుకునేముందు ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ఏ రంగు వైరు ఎక్కడికి పోయిందో ఒక ఫొటోలో సరిగ్గా కనపడాలి.

మెయిన్స్ వైరు పాత రబ్బరుదో గుడ్డ చుట్టిందో అయితే ఆలోచించకుండా మార్చెయ్యండి, వంచగానే పెచ్చులూడిపోద్ది. వోల్టేజి సెలెక్టర్ ఉంటే 110 దగ్గర ఉందా 230 దగ్గర ఉందా చూడండి.

ముఖ్యమైనది ఇంకోటి. లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కనపడాలి, బరువుగా, రేకులు పేర్చినట్టు ఉండేది. అది లేకపోతే ఆ సెట్టులో ఛాసిస్ (లోపలి ఇనప చట్రం) నేరుగా మెయిన్స్‌కే కలిసి ఉండొచ్చు, అంటే ఇనప భాగం ఏది ముట్టుకున్నా షాకే. అలాంటిది అయితే ఈ పని ఇక్కడితో ఆపి, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడటం తెలిసినాయనకి ఇవ్వండి. ఇందులో మొహమాటం ఏమీ వద్దు.

2. పళ్ళెం తియ్యడం

రబ్బరు మ్యాట్ లేపితే మధ్యలో స్పిండిల్ చుట్టూ చిన్న లాకు ఉంటది. దాన్ని తీసేటప్పుడు పైన గుడ్డ కప్పి తియ్యండి, లేకపోతే ఎగిరి మంచం కిందకి పోద్ది, మళ్ళీ దొరకదు. పళ్ళెం రెండు చేతులతో సమంగా పైకి లాగండి. రాకపోతే స్పిండిల్ మొదట్లో ఒక చుక్క నూనె వేసి గంట ఆగండి, అంతేగానీ స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నొద్దు, అంచు వంగితే ఇక ప్రతి తిరుగుడికీ ఊగుతానే ఉంటది.

పళ్ళెం కింద వాషర్లు, చిన్న బాల్ బేరింగు గుళ్ళు ఉంటాయి. వాటి వరస కూడా ఫొటో తీసుకోండి.

3. గ్రీజు, అసలు జబ్బు ఇదే

ఛేంజర్‌ని అడుగు నుంచి చూస్తే లివర్లు, జారే పట్టీలు, ఒక పెద్ద పళ్ళ చక్రం కనపడతాయి. కొత్తలో వెన్నలా ఉన్న గ్రీజు ఇప్పుడు కొవ్వొత్తి మైనంలా అయ్యుంటది. మన ఊరి ఎండలకి అటక మీద ఏళ్ళ తరబడి ఉడికిన గ్రీజు కదా, రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, గ్రీజెంత.

పూర్తిగా తియ్యాలి. పాతదాని మీద కొత్తది పూయడం అందరూ చేసే తప్పు, రెండు కలిసి ఇంకా బంకవుద్ది. స్పిరిట్లో ముంచిన బ్రష్షుతో రుద్ది, ఇయర్ బడ్‌తో తుడిచి, ఒక్కో లివర్ చేత్తో కదిపి చూడండి. వదలగానే దాని స్ప్రింగు దాన్ని టక్కున వెనక్కి లాగాలి. నెమ్మదిగా ఈడ్చుకుంటూ వస్తే ఇంకా పాత గ్రీజు ఉన్నట్టే.

తర్వాత జారే చోట్ల, పళ్ళ మీద సన్నగా, పెసర గింజంత గ్రీజు చాలు.

ఒక్కచోట మాత్రం చుక్క కూడా వెయ్యకూడదు. పెద్ద పళ్ళ చక్రం మీద గోరంత చిన్న మీట ఒకటి ఉంటది, పాట అయిపోయాక ఆర్మ్ (కొసన పిన్ను ఉండే చెయ్యి) లోపలికి వచ్చినప్పుడు అది తగిలి ప్లేటు మార్పు మొదలవుద్ది. దాన్ని తుడిచి పొడిగా వదిలెయ్యాలి, ఊదితే కదిలేంత తేలిగ్గా ఉండాలి. దానికి నూనె వేస్తే ఆ జిడ్డుకి అంటుకుపోయి, పాట మధ్యలోనే ఆర్మ్ లేచిపోవడమో, పాట అయ్యాక అక్కడే గీకుతా కూర్చోవడమో చేస్తది. "ఛేంజర్ మారట్లేదు" అని నా దగ్గరకి తెచ్చినవాటిలో ఎక్కువ ఇదే, ఎవరో ప్రేమగా నూనె వేసుంటారు.

4. రబ్బరు చక్రం

మోటారు పుల్లీకీ పళ్ళెం లోపలి అంచుకీ మధ్య నలిగి తిప్పేది ఈ చక్రమే. గోరుతో అంచు నొక్కండి. కొంచెం లోపలికి పోయి తిరిగొస్తే బతికే ఉంది. గాజుగోళీలా గట్టిగా ఉంటే జారుద్ది. స్పీడు నాబ్ ఏళ్ళ తరబడి ఏదో ఒక స్పీడులో వదిలేసి ఉంటే పుల్లీ నొక్కుకున్నచోట గుంట పడుద్ది, అది తిరిగినప్పుడల్లా టక్, టక్ అంటది.

ముందు స్పిరిట్‌తో తుడవండి. నల్లగా వస్తూనే ఉంటది, గుడ్డ మారుస్తూ తెల్లగా వచ్చేదాకా. అంచు మెరుస్తుంటే బోల్టుకి బిగించి డ్రిల్లులో నెమ్మదిగా తిప్పుతూ ఉప్పుకాగితం మెత్తగా ఆనించండి, మెరుపు పోతే చాలు, అరగదీయొద్దు, చక్రం చిన్నదైతే అటూ ఇటూ సరిగ్గా ఆనదు.

గుంట లోతుగా ఉంటే, రబ్బరు పగిలితే కొత్త రబ్బరు కట్టించాల్సిందే. ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకి రబ్బరు వేసేవాళ్ళు ఎవరన్నా తెలిస్తే వాళ్ళు నయం, లేకపోతే రబ్బరు అతికించుకుని ఆటోనగర్‌లో లేత్ మీద పాత కొలతకి తిప్పించుకోవచ్చు. వెళ్ళేముందు పాత చక్రాన్ని వెర్నియర్‌తో కొలిచి కాయితం మీద రాసివ్వండి, "ఇట్టాంటిదే కావాలి" అంటే లారీకి సరిపోయేది చేసిస్తారు.

చక్రం అంచు, పుల్లీ, పళ్ళెం లోపలి అంచు, ఈ మూడూ బిగించేముందు మళ్ళీ ఒకసారి స్పిరిట్‌తో తుడవండి. వేలి జిడ్డు చాలు జారడానికి.

5. మోటారు

విప్పి, షాఫ్ట్ రెండు కొసల్లో బుష్షులు తుడిచి, పక్కన ఫెల్ట్ ముక్క ఉంటే దానికి రెండు చుక్కలు కుట్టుమిషను నూనె. చేత్తో తిప్పి వదిలితే హాయిగా కాసేపు తిరగాలి. వైండింగ్ రెసిస్టెన్స్ చూడండి, మీటరు అసలు కదలకపోతే తెగినట్టు, రీవైండింగ్ షాపుకి పోవాల్సిందే.

మోటారు స్విచ్చి దగ్గర చిన్న కెపాసిటర్ ఉంటది, స్విచ్చి నిప్పురవ్వ అణచడానికి పెట్టింది. పాతది ఎప్పుడైనా పేలొచ్చు. ఎక్స్2 అని రాసి ఉన్న కొత్తది అదే విలువలో వెయ్యండి. మామూలు కెపాసిటర్ వద్దు.

6. చేత్తో ఒక రౌండు

ఇప్పుడు పళ్ళెం పెట్టి, ఆర్మ్‌కి ఉన్న పిన్ను తీసేసి లేదా మూత పెట్టి, స్టార్ట్ లివర్ నొక్కి పళ్ళేన్ని చేత్తో సవ్య దిశలో తిప్పండి. ఆర్మ్ లేవాలి, బయటికి పోవాలి, లోపలికి వచ్చి దిగాలి. మధ్యలో పట్టేస్తే అక్కడే ఆపి, కింద ఏ లివర్ పట్టిందో చూడండి. ఆర్మ్‌ని చేత్తో తొయ్యొద్దు, తోస్తే లోపల పట్టీ వంగుద్ది, తర్వాత ప్లేటు అంచు అవతల దిగడం మొదలవుద్ది. ఒకసారి నేనే అలా తోసి, పట్టీ సరిచేసుకోడానికి నాలుగు ఆదివారాలు పోగొట్టుకున్నా.

పదిసార్లు చేత్తో సాఫీగా అయితేనే ముందుకు పోండి.

7. పిన్నూ కార్ట్రిడ్జీ

కార్ట్రిడ్జి అంటే ఆర్మ్ కొసన పిన్నుని పట్టుకుని, దాని కదలికని కరెంటుగా మార్చే ముక్క. పాతకాలం క్రిస్టల్ కార్ట్రిడ్జి అయితే ఆశ వదులుకోండి. లోపల ఉండేది రోషెల్ సాల్ట్ అనే ఒక ఉప్పు. తేమ ఎక్కువైతే కరుగుద్ది, 55 డిగ్రీలకి పాడైపోద్ది, మన దగ్గర కృష్ణ ఒడ్డున వర్షాకాలం తేమ, మే నెలలో అటక మీద వేడి, రెండూ తిని అది ఇంకా బతికుంటే దండం పెట్టాలి. బదులుగా సిరామిక్ కార్ట్రిడ్జి వెయ్యండి, నేరుగా అదే ఆంప్లిఫయర్‌కి పనిచేస్తది. మ్యాగ్నెటిక్ రకం కొనొద్దు, దానికి విడిగా ప్రీ ఆంప్ కావాలి, లేకపోతే దోమ పాడినట్టు వినపడుద్ది.

పిన్ను గురించి అందరూ చేసే తప్పు: 78 ప్లేట్లకీ (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఎల్పీలకీ (33 స్పీడువి) ఒకే పిన్ను వాడటం. 78 గాడి వెడల్పు, దాని పిన్ను కొస 3 మిల్ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు మూడు. ఎల్పీకి 1 మిల్ లేదా అంతకన్నా సన్నం. ఎల్పీ పిన్నుతో 78 వేస్తే గాడి అడుగున గీకుతా బరబరమంటది, 78 పిన్నుతో ఎల్పీ వేస్తే ఆ ప్లేటు ఇంక అంతే. రెండు వైపులా రెండు పిన్నులుండి తిప్పుకునే కార్ట్రిడ్జి అయితే ఏ వైపు ఉందో ప్రతిసారీ చూసుకోండి.

బరువు: సిరామిక్‌కి మామూలుగా 4 నుంచి 6 గ్రాములు, కార్ట్రిడ్జి కాయితంలో ఎంత రాస్తే అంత. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. కాటా సరిగ్గా చూపిస్తోందా అని అనుమానం ఉంటే రెండు రంగుల పది రూపాయల బిళ్ళ పెట్టండి, 7.7 గ్రాముల దగ్గర చూపించాలి.

ఇక్కడే ఇంకో మాట. 78 ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుద్ది. ఛేంజర్ తుడిచిన అదే స్పిరిట్ గుడ్డతో ప్లేటు కూడా తుడిచేస్తే గాడి పోద్ది. చల్లటి నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, లేబుల్ తడవకుండా, అంతే.

8. ఆంప్లిఫయర్ (తెలిస్తేనే)

వాల్వ్ సెట్టులో 250, 300 వోల్టులు డీసీ ఉంటది, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో నిలవుంటది. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి కెపాసిటర్ రెండు కొసలకీ కొన్ని సెకన్లు ఆనించి, మీటరుతో సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఠప్ మనిపించడం మగతనం కాదు. సోల్డరింగ్ కొత్త అయితే ఈ దశ తెలిసినాయనకి ఇచ్చెయ్యండి.

మార్చాల్సినవి రెండు రకాలు. ఒకటి పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, ప్లస్ మైనస్ తిరగబడితే పేలతాయి, రెండుసార్లు చూసుకోండి. విలువ ఎక్కువ వేస్తే హమ్ (స్పీకర్లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోత) పోద్దనుకుని 220 మైక్రోఫారడ్ వేసేవాళ్ళున్నారు. ఈజెడ్ 80, ఈజెడ్ 81 రెక్టిఫయర్ వాల్వ్‌లకి మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు, దాటితే వాల్వ్ పోద్ది. రెండోది మైనం పూసిన పేపర్ కెపాసిటర్లు. అందులో ఔట్‌పుట్ వాల్వ్ గ్రిడ్‌కి పోయేది ముఖ్యం. అది లీకైతే వాల్వ్ ఎర్రగా కాలి, దాంతోపాటు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా తీసుకుపోద్ది. అదే విలువ పాలిస్టర్, 630 వోల్టులది వెయ్యండి.

మార్చాక చెక్ చెయ్యడం: ఔట్‌పుట్ వాల్వ్ ఈఎల్ 84 అయితే దాని రెండో పిన్నుకీ ఛాసిస్‌కీ మధ్య వేడెక్కాక కూడా సున్నా వోల్టులు ఉండాలి. ప్లస్‌లో అర వోల్టు కనపడినా ఆపెయ్యండి. మూడో పిన్ను దగ్గర మామూలుగా 7 వోల్టుల చుట్టుపక్కల ఉంటది.

స్పీకర్ కలపకుండా వాల్వ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు.

9. ఇప్పుడు కరెంటు

సీరీస్ బోర్డులో 100 వాట్ల బల్బు పెట్టి దాని ద్వారా ఇవ్వండి. బల్బు ఒకసారి భగ్గున వెలిగి మెల్లగా మసకబారితే అంతా బానే ఉన్నట్టు. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే ఎక్కడో షార్ట్, వెంటనే తియ్యండి. మసకగా ఉంటే పావుగంట ఉంచి, వాసన, పొగ, ట్రాన్స్‌ఫార్మర్ వేడి చూసి, అప్పుడు నేరుగా ప్లగ్గు. బల్బు ఉన్నంతసేపు సౌండు నీరసంగా ఉంటది, మోటారు మెల్లగా తిరుగుద్ది, కంగారు పడకండి.

వాల్యూమ్ తగ్గించి పిన్ను కొస వేలితో సుతారంగా తాకితే స్పీకర్లో బుడ్ బుడ్ మనాలి. అనకపోతే కార్ట్రిడ్జి వెనక సన్నటి వైర్లు తెగాయేమో చూడండి, వేలాడుతూ ఉంటాయి ఎక్కువగా.

హమ్ వస్తుంటే ఆర్మ్‌ని ముట్టుకోండి. ముట్టగానే తగ్గితే ఆర్మ్ ఎర్తు వైరు ఊడింది. ఏం చేసినా మారకపోతే ఎలక్ట్రోలిటిక్. వాల్యూమ్ తిప్పినప్పుడే బరబర అంటే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి ఇరవైసార్లు తిప్పండి.

10. స్పీడు సరిగ్గా ఉందా

ఇది చూడకుండా "అయిపోయింది" అనుకునేవాళ్ళే ఎక్కువ. పది నిమిషాలు తిరగనిచ్చి, ప్లేటు లేబుల్ మీద చిన్న కాయితం ముక్క గుర్తుగా పెట్టి, ప్లేటు పాడుతుండగానే లెక్కపెట్టండి. 33 స్పీడు (అసలు లెక్క 33⅓) అయితే 3 నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు. 45 అయితే నిమిషానికి 45, 78 అయితే 78. 100కి 98 వస్తే పాట తెలిసినవాళ్ళు పట్టేస్తారు, ఇంకా రబ్బరు జారుతున్నట్టే. స్ట్రోబ్ డిస్కు (స్పీడు చూడ్డానికి గీతలు గీసిన బిళ్ళ) ఉంటే మన 50 హెర్ట్జ్ కరెంటుకి 33 స్పీడు వరసలో 180 గీతలుంటాయి, అవి కదలకుండా నిలబడాలి, కానీ పాత బల్బు లేదా చోక్ ట్యూబ్‌లైటు కింద చూడండి, చాలా ఎల్‌ఈడీల కింద గీతలు కనపడవు.

ఇన్వర్టర్ మీద మాత్రం కొలవొద్దు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు గుయ్యిమంటా వేడెక్కుద్ది. మే నెల సాయంత్రాలు వోల్టేజి పడిపోయినప్పుడు కూడా కాస్త నెమ్మదిస్తది, పొద్దున్నే కొలిస్తే నిజం తెలుస్తది.

వరదలో మునిగినవి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ వైపు నుంచి అడిగినవాళ్ళు ఉన్నారు, అందుకని విడిగా. పైకి ఆరినట్టున్నా ట్రాన్స్‌ఫార్మర్, మోటారు వైండింగ్ లోపల తేమ ఉంటది. బురద మంచినీళ్ళతో కడిగి, విప్పి, ట్రాన్స్‌ఫార్మర్‌నీ మోటారునీ ఒక అట్టపెట్టెలో 60 వాట్ల పాత బల్బు పక్కన, తగలకుండా దూరంగా, మీరు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే వెలిగించి, కొన్ని రోజులు ఆరబెట్టండి. తర్వాత మోటారు రీవైండింగ్ షాపులో 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించి, వైండింగ్‌కీ ఇనుముకీ మధ్య మెగాఓమ్‌లలో గట్టిగా చూపిస్తేనే పైన చెప్పిన ఒకటో దశ నుంచి మొదలెట్టండి. చెక్క పెట్టెని ఎండలో పెట్టకండి, పై పొర లేచిపోద్ది, నీడలో ఫ్యాన్ కింద.

జూక్‌బాక్స్ కొన్నవాళ్ళకి

అమెరికన్ జూక్‌బాక్స్ (నాణెం వేస్తే కోరిన పాట వేసే పెట్టె) తెప్పించుకున్నాయన ఒకరు అడిగారు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పాటలన్నీ మత్తులో పాడినట్టున్నాయని. స్టెప్‌డౌన్ వోల్టేజిని 117కి తెస్తది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. అది 60 హెర్ట్జ్‌కి చేసింది, మన 50 మీద 45 ప్లేటు 37.5 స్పీడులో తిరుగుద్ది. మోటారు పుల్లీ చుట్టుకొలత 20 శాతం పెద్దది లేత్ మీద చేయించుకోవాలి, లేదా ఆ మోడల్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ దొరుకుద్దేమో వెతకాలి. మిగతా గ్రీజు కథ అంతా ఒకటే.

ఆఖర్న, పాటలు అయ్యాక ప్రతిసారీ స్పీడు నాబ్‌ని న్యూట్రల్‌లో, ఆ గుర్తు లేకపోతే ఆఫ్‌లో పెట్టి, లోపల రబ్బరు చక్రం పుల్లీని వదిలిందో లేదో ఒకసారి వంగి చూసి, అప్పుడు మూత వెయ్యండి.